ఛాతీకి నాలుగు వేళ్ల ఎత్తున: స్లో టెంపో బెంచ్ ప్రెస్‌తో నా అనుభవం

బెంచ్ ప్రెస్ అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ దాకా దించి పైకి నెట్టడం. అలా ఒకసారి దించి నెడితే ఒక రెప్, ఆగకుండా చేసే కొన్ని రెప్‌లు ఒక సెట్. ఐదు రెప్‌ల సెట్‌లో బార్ ఐదుసార్లూ ఛాతీని ఒకే చోట తాకుతోందా? పక్కనుంచి తీసిన వీడియోలో ఈ ఒక్కటి చూసుకుంటే స్లో టెంపో, అంటే లెక్కపెడుతూ నెమ్మదిగా దించడం, అవసరమో కాదో తేలిపోతుంది. ఒక రెప్ రొమ్ము ఎముక మధ్యలో తాకి, ఇంకోటి పొట్ట మొదట్లో తాకుతుంటే చేతుల్లో బలం ఎంతున్నా బార్ రెప్ రెప్‌కీ వేరే దారిన పోతోందని అర్థం. అలాంటప్పుడు ట్రైసెప్స్‌కి (రెట్ట వెనక కండరానికి) ఇంకో రెండు వ్యాయామాలు కలిపినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

నేను టెంపో పట్టుకున్నది కండ పెంచుకోవడానికి కాదు, బార్ ఎక్కడ చెయ్యి జారిపోతోందో చూసుకోవడానికి. మామూలు రెప్‌లో బార్ కిందికి దిగడానికి పట్టేది ఒకటి, ఒకటిన్నర సెకన్లు. ఆ కాస్త సమయంలో మోచేయి బయటికి పోయినా, ఒక చెయ్యి ముందు దిగినా, భుజాలు ముందుకు జారినా తెలిసేలోపే బార్ ఛాతీ మీద ఉంటుంది. అదే నాలుగు సెకన్లు పట్టేలా దించితే తప్పు జరుగుతుండగానే దొరుకుతుంది, అక్కడికక్కడే సర్దుకునే వ్యవధి కూడా ఉంటుంది.

టెంపోని నాలుగు అంకెల్లో రాస్తారు. మొదటి అంకె బార్ దించే సెకన్లు, రెండోది కింద ఆగే సెకన్లు, మూడోది పైకి నెట్టే సెకన్లు, నాలుగోది పైన ఆగేవి. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పైకెత్తడం) లాగా కిందినుంచి మొదలయ్యే లిఫ్ట్‌లో కూడా మొదటి అంకె దించడానిదే, అక్కడ చాలామంది పొరబడతారు. మూడో స్థానంలో ఎక్స్ అని ఉంటే వీలైనంత వేగంగా నెట్టమని. టెక్నిక్ కోసం నేను వాడేది 4-2-ఎక్స్-1. నాలుగు లెక్కపెడుతూ దించడం, రెండు ఆగడం, గట్టిగా నెట్టడం, పైన ఒక సెకను ఆగి ఊపిరి, భుజాలు సర్దుకోవడం. పైకి కూడా నెమ్మదిగా నెట్టే 4-0-4-0 లాంటివి నాకు నచ్చవు. కావాలని నెమ్మదిగా నెడితే తక్కువ బలం వాడటమే అలవాటవుతుంది, రేపు బరువు ఎక్కించినప్పుడు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఖాళీ బార్‌తో బార్ దారి నేర్చుకోవడానికైతే సరే.

బరువు దగ్గరే అహం అడ్డొస్తుంది. వన్ రెప్ మ్యాక్స్‌లో, అంటే ఒక్క రెప్ మాత్రమే చేయగలిగే గరిష్ఠ బరువులో, 60 నుంచి 65 శాతం మించి మొదలుపెట్టకూడదు. మ్యాక్స్ 80 కిలోలైతే 47.5 లేదా 50 కిలోలు. 20 కిలోల బార్‌కి ఒక్కో వైపు 15 కిలోలు, అంతే. చూడ్డానికి వార్మప్ బరువులా ఉంటుంది, మూడో సెట్‌కి ఆ మాట ఎవరూ అనరు. ఇంత తగ్గించడానికి కారణం ఉంది. మామూలుగా బార్ దిగినప్పుడు సాగిన కండరాలు, వాటి స్నాయువులు తిరిగి ముడుచుకుంటూ పైకి నెట్టడానికి కొంత సాయం చేస్తాయి. బెంచ్ ప్రెస్ మీదే చేసి 1991లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, ఛాతీ దగ్గర ఒక సెకను ఆగితే ఆ సాయంలో సగానికి పైగా పోతుంది. నాలుగు సెకన్లు ఆగితే దాదాపు ఏమీ మిగలదు. పైగా నాలుగు సెకన్ల దింపుడులోనే కొంత అలసట వచ్చేస్తుంది. బౌన్స్ మీద, అంటే బార్‌ని ఛాతీకి తగిలించి ఎగరేయడం మీద ఆధారపడ్డవాళ్లకి ఈ లోటు మరీ ఎక్కువగా తెలుస్తుంది, అసలు వాళ్లకే టెంపో ఎక్కువ అవసరం.

బరువు ఎక్కించే ముందు రెండు విషయాలు ఖాయం చేసుకోవాలి. ఒకటి గ్రిప్. పవర్‌లిఫ్టింగ్ బార్ మీద నున్నటి రింగు గీతలు రెండూ 81 సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి. ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం చూపుడువేలు ఆ గీతలు దాటి బయటికి పోకూడదు. నా గ్రిప్‌కి గుర్తు, ఉంగరపు వేలు ఆ గీత మీద ఉండటం. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ బార్ల మీద మాత్రం గీతలు 91 సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి. జిమ్‌లో రెండు రకాల బార్లూ కలిసి ఉంటే, అదే గుర్తుతో వేరే బార్ పట్టుకున్నప్పుడు ఒక్కో చెయ్యి ఐదు సెంటీమీటర్లు బయటికి పోతుంది. బార్ తాకే చోటు రోజుకో రకంగా మారడానికి ఇదీ ఒక కారణం, దీన్ని టెంపోతో సరిచేయలేం. ఏ గ్రిప్ అయినా, బార్ ఛాతీ మీద ఉన్నప్పుడు ముంజేతులు నిలువుగా ఉండాలి. బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోవాలి. బొటనవేలు వదిలేసే గ్రిప్‌తో టెంపో చేయడం మొండితనం, రెండు సెకన్ల ఆగుడులో అరచేయి చెమటకి బార్ జారితే పడేది ఛాతీ మీదో మెడ మీదో.

రెండోది సేఫ్టీ బార్ల ఎత్తు, అంటే బార్ మీద పడకుండా ఆపడానికి రెండు పక్కలా పెట్టే అడ్డకడ్డీల ఎత్తు. వీపు వంచి పడుకున్నప్పుడు ఛాతీకి ఒక వేలెడు కిందగా, వంపు వదిలి చదునుగా పడుకుంటే బార్ మెడని తాకకుండా ఆపేలా పెట్టాలి. ఖాళీ బార్‌తో రెండూ పరీక్షించుకోవాలి. టెంపోలో ఫెయిలయ్యే రెప్ మామూలు రెప్‌లా మధ్యలో ఆగి హెచ్చరించదు. రెండు లెక్కపెట్టాక నెడితే ఛాతీ మీదనుంచి కదలనే కదలదు. సేఫ్టీలూ, బార్ అందుకోవడానికి పక్కన నిలబడే స్పాటరూ రెండూ లేకపోతే ఈ వ్యాయామం ఆ రోజుకి వదిలేయడమే మంచిది.

ఇక పడుకోవడం. కళ్లు సరిగ్గా బార్ కింద ఉండేలా పడుకుంటాను. షోల్డర్ బ్లేడ్లను (భుజాల వెనక ఉండే రెక్క ఎముకలను) వెనక్కి దగ్గరగా లాగి, అక్కడినుంచి నడుము వైపు దించాలి. వెనక్కి లాగడం అందరూ చేస్తారు, దించడం మర్చిపోతారు, అప్పుడు భుజాలు చెవుల దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. అరికాళ్లు నేలకి ఆనించి, మోకాళ్లు నిటారు చేయబోతున్నట్టుగా నేలని ముందుకు తోస్తే ఆ బలం వీపు పైభాగానికి చేరుతుంది. పిరుదులు బెంచ్ మీదే ఉండాలి. ర్యాక్ కొక్కేల ఎత్తు కూడా చూసుకోవాలి. మోచేతులు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా, చేతులు నిటారు చేస్తే బార్ రెండు మూడు సెంటీమీటర్లు లేచేలా ఉంటే చాలు. అంతకన్నా ఎత్తులో ఉంటే అందుకోవడానికి భుజాలు లేపాల్సి వస్తుంది, బ్లేడ్ల బిగువు మొదటి రెప్‌కి ముందే పోతుంది. బార్‌ని పైకెత్తి తీయకుండా, చేతులు నిటారుగా పెట్టి ముందుకు లాక్కొచ్చి భుజాల మీదుగా నిలపాలి. స్పాటర్ ఉంటే ఈ పని అతనికి వదిలేయడం ఇంకా మేలు.

బార్ దిగే దూరం చాలామందికి 35, 40 సెంటీమీటర్లు ఉంటుంది. 40 అనుకుంటే సెకనుకి 10 సెంటీమీటర్లు. ఈ చిన్న లెక్క మనసులో ఉంటే టెంపో ఎక్కడ తప్పుతోందో కనిపిస్తుంది. దాదాపు అందరూ తప్పేది ఒకేలా. మొదటి రెండు సెకన్లు పైనే నానుస్తూ పది సెంటీమీటర్లు కూడా దించరు, నాలుగో లెక్క దగ్గరపడుతుంటే కంగారుగా మిగతా దూరమంతా వదిలేస్తారు. లెక్క నాలుగే అయింది, కానీ ఛాతీకి పైన ఉన్న చివరి నాలుగు వేళ్ల ఎత్తు అర సెకనులో అయిపోయింది. వచ్చిన ప్రయోజనం సున్నా, ఎందుకంటే తప్పులన్నీ జరిగేది ఆ నాలుగు వేళ్ల ఎత్తులోనే.

అక్కడ ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. మొదటి లెక్కలో బార్ భుజాల మీదినుంచి కదులుతుంది, మోచేతులు రెండూ ఒకేసారి వంగాలి. రెండో లెక్కకి బార్ సగం దూరంలో ఉండాలి, నిలువుగా కాకుండా కొద్దిగా పొట్ట వైపు ఏటవాలుగా. మోచేతులు మొండేనికి 45 నుంచి 70 డిగ్రీల మధ్య, గ్రిప్ వెడల్పుని బట్టి. మూడో లెక్కలో రెట్టలు బెంచ్ ఎత్తుకి చేరుతుంటాయి, ఛాతీ కండరాలు బాగా సాగుతాయి, శరీరం ఒక మెలిక వెతుక్కుంటుంది. ఒకడికి మోచేతులు బయటికి విచ్చుకుంటాయి, బార్ మెడ వైపు జరుగుతుంది. ఇంకొకడికి మోచేతులు పక్కటెముకలకి అతుక్కుంటాయి, బార్ పొట్ట వైపు జారి మణికట్లు వెనక్కి వంగుతాయి. మూడో రకం వాళ్లు ఛాతీని కిందికి కుంచిస్తారు, బార్ కోసం భుజాలు ముందుకొస్తాయి. నాలుగో లెక్కలో చేయాల్సింది దీనికి తిరగేసి. బార్ దిగుతుంటే ఛాతీని బార్‌కి ఎదురు పంపాలి, షోల్డర్ బ్లేడ్లు బెంచ్‌కి ఇంకాస్త బిగుసుకోవాలి. బార్ తాకే చోటు రొమ్ము ఎముక కింది చివర, కొందరికి ఒకటి రెండు వేళ్లు పైన. ఎక్కడైనా సరే, రోజూ అక్కడే. బార్ గరుకు భాగం మధ్యలో జిమ్ చాక్ పొడి కొంచెం రాసుకుని ముదురు రంగు బనియన్ వేసుకుంటే ఆ సెట్ తాలూకు గీతలు గుడ్డ మీదే కనిపిస్తాయి. అన్నీ ఒకే గీతగా పడ్డ సెట్, సరైన సెట్.

ఆగే రెండు సెకన్లూ విశ్రాంతి కాదు. బార్ చొక్కాని తాకాలి, ఛాతీలో దిగబడకూడదు. బరువు ఇంకా చేతుల మీదే ఉందా లేక పక్కటెముకల మీద కూర్చోబెట్టారా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. తాకిన తర్వాత బార్ ఇంకో సెంటీమీటరు కిందికి పోయిందంటే వదిలేశారన్నమాట. అప్పుడు నెట్టేటప్పుడు ముందు ఛాతీ ఎగిరి, తర్వాత బార్ లేస్తుంది. పోటీలో అయితే బార్ కదలకుండా నిలిచాకే రిఫరీ ప్రెస్ అంటాడు, ఆ పిలుపు ఎంతసేపటికి వస్తుందో మన చేతిలో లేదు. రెండు సెకన్లు బిగువుగా ఆగగలిగేవాడికి ఆ ఎదురుచూపు ఇబ్బంది కాదు.

నెట్టేటప్పుడు బార్ నిలువుగా పోకూడదు. మొదట్లోనే కొద్దిగా ముఖం వైపు, భుజాల మీదికి వెనక్కి వెళ్తూ లేవాలి. 1980ల్లో థామస్ మెక్‌లాఫ్లిన్ అనే బయోమెకానిక్స్ నిపుణుడు మేటి లిఫ్టర్లనీ కొత్తవాళ్లనీ పోల్చి చూపిన ముఖ్యమైన తేడా ఇదే. బార్ భుజం కీలుకి ఎంత దూరంలో ఉంటే భుజం అంత ఎక్కువ మోయాలి, కాబట్టి ఆ దూరం తొందరగా తగ్గించుకున్నవాడికి మధ్యలో ఇరుక్కునే చోటు తేలికవుతుంది. స్లో టెంపోలో దింపుడు ఏటవాలుగా, ఒకే దారిన వస్తే ఎదురు దారి దానంతటదే దొరుకుతుంది. వచ్చిన దారే తెలియకుండా కింద పడేసుకున్నవాడికి పైకెళ్లే దారి వెతుక్కోవాల్సిందే.

ఊపిరి సంగతి ఎవరూ చెప్పరు, టెంపోలో మొదట ఇబ్బంది పెట్టేది మాత్రం అదే. ఒక్కో రెప్‌కి దాదాపు ఎనిమిది సెకన్లు. పైన ఉన్నప్పుడు ముక్కుతోనో నోటితోనో పొట్ట, నడుము చుట్టూ నిండేలా ఊపిరి తీసి బిగపట్టి దించాలి, ఆగినంతసేపూ వదలకూడదు, ఇరుక్కునే చోటు దాటాక కొంచెం వదిలినా ఫరవాలేదు. ప్రతి రెప్‌కీ పైన కొత్త ఊపిరి. ఒకే ఊపిరితో రెండు రెప్‌లు లాగాలని చూస్తే రెండోదాంట్లో ఛాతీ కుంచించుకుని తాకే చోటు మారిపోతుంది, తల తిరిగినా ఆశ్చర్యం లేదు. రక్తపోటు ఎక్కువున్నవాళ్లు ఇంతసేపు ఊపిరి బిగపట్టే వ్యాయామం డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు.

లెక్క ఎవరు పెట్టాలి? బార్ కింద ఉన్నవాడు మనసులో ఒకటి, రెండు అనుకుంటే నాలుగు లెక్క రెండున్నర సెకన్లలో అయిపోతుంది. కష్టం పెరిగేకొద్దీ గడియారం కూడా పరిగెడుతుంది. నేను వాడే ఉపాయం వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు అని లెక్కపెట్టడం. ఒక్కో మాటకి ఇంచుమించు సెకను పడుతుంది. ఇంతకంటే నమ్మకమైనది ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానమైన ఎడంతో టిక్ టిక్ మని కొట్టే యాప్), నిమిషానికి 60 దెబ్బలు. స్పాటర్ లెక్కపెడితే ఇంకో చిక్కు, మూడో సెట్‌కి జాలిపడి వేగం పెంచేస్తాడు. అతని చేతిలో కూడా మెట్రోనోమ్ ఉంటేనే మంచిది.

వీడియో రెండు కోణాల్లో కావాలి. ఒకటి పక్కనుంచి, ఫోన్ బెంచ్ ఎత్తులో, బార్ చివర ఉన్న ప్లేటు మధ్యభాగం కనిపించేలా. ఆ మధ్య బిందువు ఏ దారిన దిగి ఏ దారిన లేచిందో దాన్నిబట్టి తెలుస్తుంది. రెండోది కాళ్ల వైపునుంచి, రెండు చేతులూ సమంగా దిగుతున్నాయా చూడ్డానికి. ఒక చెయ్యి ముందు దిగుతుంటే బలహీనమైన చెయ్యి అదేనని తీర్మానించేయకండి. చాలాసార్లు గ్రిప్ ఒకవైపు వేలెడు వెడల్పుగా ఉంటుంది, లేదా పడుకున్నదే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. అవి రెండూ సరిచూసుకున్న తర్వాత కూడా తేడా మిగిలితే అప్పుడు డంబెల్స్ సంగతి ఆలోచించవచ్చు.

ఒక సెట్‌లో ఒక్క తప్పు మీదే దృష్టి పెట్టాలి. మణికట్టు, మోచేయి, బ్లేడ్లు, కాళ్లు అన్నీ ఒకేసారి సర్దుకోబోతే ఏదీ కుదరదు. నా వరస ఎప్పుడూ బ్లేడ్లతో మొదలవుతుంది, ఎందుకంటే అవి జారితే మిగతావన్నీ వాటి వెనకే జారతాయి. ముఖ్యంగా పైన లాకౌట్ దగ్గర, అంటే చేతులు పూర్తిగా నిటారయ్యే చోట. చివరి రెండు సెంటీమీటర్లు అదనంగా నెట్టాలని భుజాలని బెంచ్ మీదినుంచి లేపేస్తారు, తర్వాతి రెప్ వదులు వీపుతో మొదలవుతుంది. నాలుగో అంకెగా ఒక సెకను పెట్టింది దీనికోసమే. మణికట్టు వంగుతుంటే బార్‌ని వేళ్ల మొదట్లో కాకుండా అరచేతి మడమ మీద, ముంజేయి ఎముకకి సూటిగా కూర్చోబెట్టాలి. పిరుదులు లేస్తుంటే పాదాలు మరీ వెనక్కి పోయి ఉంటాయి, నాలుగు వేళ్లు ముందుకి జరపండి.

80 కిలోల మ్యాక్స్ ఉన్నవాళ్లకి నేను రాసిచ్చే పట్టిక ఇలా ఉంటుంది. వారానికి రెండు బెంచ్ రోజుల్లో ఒకటే టెంపోకి. మొదటి వారం 47.5 కిలోలతో 4-2-ఎక్స్-1, ఐదు రెప్‌లు, నాలుగు సెట్లు. రెండో వారం 50 కిలోలు, అవే సెట్లు. మూడో వారం 52.5, రెప్‌లు నాలుగుకి తగ్గించి ఐదు సెట్లు. నాలుగో వారం 55తో 3-1-ఎక్స్-1, నాలుగు రెప్‌లు, ఐదు సెట్లు. ఐదో వారం 60తో 2-1-ఎక్స్-1, మూడు రెప్‌లు, నాలుగు సెట్లు. సెట్ల మధ్య మూడు నిమిషాలు. ప్రతి సెట్ చివర ఇంకో రెండు మూడు రెప్‌లు చేయగల ఓపిక మిగలాలి. లెక్క తప్పినా, తాకే చోటు మారినా సెట్ అక్కడితో ఆపేయాలి, మిగిలిన రెప్‌లు పూర్తిచేస్తే తప్పునే సాధన చేసినట్టు. రెండో బెంచ్ రోజు మామూలు వేగంతో, 75 నుంచి 80 శాతంతో కొద్ది సెట్లు చేస్తే బరువు చేతికి కొత్త కాకుండా ఉంటుంది. వార్మప్ కూడా అదే టెంపోలో, ఖాళీ బార్‌తో ఎనిమిది, 30 కిలోలతో ఐదు, 40తో మూడు.

మొదటి వారం తర్వాత రెండు రోజులు ఛాతీ, భుజాల ముందు భాగం నొప్పులుంటాయి. నెమ్మదిగా దించడం కండరానికి కొత్త పని, అదేమీ గాయం కాదు. భుజం కీలు ముందు భాగంలో సూదిలా పొడిచే నొప్పి మాత్రం వేరు. అలాంటిది వస్తే ఆగే రెండు సెకన్లు ఛాతీకి రెండు వేళ్ల పైన ఆగేలా మార్చి చూడాలి, అయినా తగ్గకపోతే ఆపేయాలి.

కండ పెరుగుదల గురించి కూడా అడుగుతుంటారు. 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి చేసిన ఒక విశ్లేషణలో, రెప్ అర సెకను నుంచి ఎనిమిది సెకన్ల వరకు ఎంతసేపు పట్టినా కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పది సెకన్లు దాటితే ఫలితం తక్కువే అన్నారు. కాబట్టి టెంపోతో కండ ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టండి. బలం కూడా నేరుగా రాదు. తక్కువ బరువుతో చేసిన వారాల తర్వాత మొదటి భారీ సెట్ బరువుగానే అనిపిస్తుంది, చేతులకి ఆ బరువు గుర్తు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పోటీ దగ్గరపడ్డాక టెంపో మొదలుపెట్టడం అందుకే తప్పు, దానికి చోటు పోటీ అయిపోయిన వెంటనే వచ్చే తేలిక వారాల్లో.

ఆరో వారం మామూలు వేగానికి వచ్చి, 65 కిలోలతో ఛాతీ మీద ఒక సెకను ఆగి మూడేసి రెప్‌లు చేసి వీడియో తీయండి. చూడాల్సింది బరువు ఎంతని కాదు, తాకిన చోట్ల మధ్య ఎడం ఎంతుందని. అది రెండు సెంటీమీటర్లలోపు ఉంటే బరువు పెంచుకుంటూ పోవచ్చు. అంతకు మించితే పట్టికని మూడో వారం నుంచి మళ్లీ ఎత్తుకోవాలి. కుదిరినవాళ్లు కూడా టెంపోని పూర్తిగా వదలనక్కర్లేదు. ఖాళీ బార్‌తో, 40 శాతంతో చేసే వార్మప్ సెట్లు ఎప్పుడూ 4-2-ఎక్స్-1లోనే ఉంచుకుంటే అదనంగా పట్టేది రెండు నిమిషాలు.